డిక్కీలో ఉండాయి నాయనా



మామూలుగా మేము రైల్వే కథలో, పాత ఈరోడ్ కథలో రాస్తాము. ఈసారి టైర్ల గురించి, మంచులో టైర్లకు వేసే చైన్ల గురించి రాస్తున్నాము. ఈరోడ్ ఎండలో కూర్చుని మంచు గురించి రాసేదేమిటని నవ్వకండి. మన సంఘంలో ఇప్పుడు ఇంటికొకరు చలి దేశంలో ఉండారు. పోయిన నెల మీటింగు రోజు భోజనాల దగ్గర ఒక అక్క మమ్మల్ని అడిగింది: "మా అల్లుడు పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. ఇంక మంచులో భయమే లేదంట, నిజమేనా?" అక్కడ పదిమంది మధ్య జవాబు సరిగ్గా చెప్పలేకపోయినాము. చెప్పాలంటే మా తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి. అందుకే రాస్తున్నాము.

ఎప్పటిలాగే, మేము అంటే మేమిద్దరమూ. రాసే చెయ్యి ఒకటే, జ్ఞాపకం ఇద్దరిదీ. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైర్ అయినాక మన సంఘం తరగతిలో నేర్చుకున్నవి. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. మా ఉద్యోగం డీజిల్ లోకో షెడ్డు స్టోర్స్‌లో గుమాస్తా పని. 34 ఏళ్లు. రైల్వేలో ప్రతి సామానుకూ ఒక పీ.ఎల్. నంబరు ఉంటుంది, ఎనిమిది అంకెలు. ఇండెంటులో ఉండే నంబరు, బిన్ కార్డు మీద ఉండే నంబరు, చేతిలో ఉండే సామాను మీద నంబరు, మూడూ ఒకటే అయితేనే సామాను బయటికి పోవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా చూడడానికి అదే బోల్టు, పెడితే పట్టదు. 34 ఏళ్లూ మేము చేసిన పని ఇంతే. నంబరుకు నంబరు కలిపి చూడడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయిన ఏడాది డిసెంబరులో మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండే మా వాడి ఇంటికి పోయినాము. ఫ్రీమాంట్‌లో మంచు పడదు, చలి మన ఊటీ చలి మాదిరి. మంచు చూడాలంటే తూర్పుకు నాలుగైదు గంటలు బండిలో పోయి సియెర్రా నెవాడా కొండలు ఎక్కాలి. అక్కడ టాహో అని పెద్ద సరస్సు ఉంది. ఆ పక్కనుండే మనవాళ్లు చలికాలంలో పిల్లల్ని తీసుకుని అక్కడికే పోతారు. మా మనవరాలికి ఆరేళ్లు. "అవ్వా, నీకు స్నోమ్యాన్ చేసి చూపిస్తా" అని వారం రోజులు అదే పాట.

మా వాడు ఆ ఏడాదే చిన్న కారు అమ్మేసి పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకున్నాడు. వేరొకరు వాడిన బండే కాని బాగుంది. బయలుదేరే రోజు పొద్దున సామాన్లు ఎక్కిస్తుంటే మేము అడిగినాము.

"కొండమీద చైన్లు కావాలంటారే, ఉండాయా రా?"

"ఉండాయి నాయనా. డిక్కీలో ఉండాయి. అయినా ఈ బండికి అవసరం పడదులే, నాలుగు చక్రాలూ లాగుతాయి."

డిక్కీ మూలలో ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కనిపించింది. దాని మీద కాగితం అంటించి, కాగితం మీద ఏవో అంకెలు ఉండాయి. మేము చూసినాము. చదవలేదు. పులిహోర డబ్బా దాని పక్కనే పెట్టి డిక్కీ మూసేసినాము.

శాక్రమెంటో దాటినాక రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. దాన్ని ఐ-80 అంటారు. ఆబర్న్, కోల్‌ఫాక్స్ ఊర్లు దాటి, డానర్ సమిట్ దగ్గర 7,200 అడుగులు దాటుతుంది. దాదాపు మన ఊటీ ఎత్తు. కాని ఊటీలో గడ్డిమీద తెల్లగా పేరుకునేది పొద్దెక్కితే పోతుంది. ఇక్కడ ఏడాదికి సగటున 30 అడుగుల మంచు పడుతుంది. అదీ తేలికగా దూది మాదిరి ఉండే మంచు కాదు. సముద్రం మీది నుంచి వచ్చే తడి మంచు, బరువుగా ఉంటుంది. ఆ ప్రాంతం వాళ్లు దాన్ని సియెర్రా సిమెంటు అని ఎగతాళిగా అంటారంట.

ఆ రోడ్డు పక్కనే రైలు పట్టాలు కూడా పోతాయి. రైల్వే మనిషికి కళ్లు అటే పోతాయి కదా. 1869లో పూర్తయిన అమెరికా మొదటి ఖండాంతర రైలు మార్గంలోని భాగం అది. చైనా నుంచి వచ్చిన వేలమంది కూలీలు ఆ కొండల్ని తొలిచి వేసిన దారి. 1952 జనవరిలో సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో అనే ప్యాసింజరు రైలు అక్కడే మంచులో చిక్కుకుపోయింది. లోపల రెండువందలమందికి పైగా ఉండారు. మూడు రోజులకు గాని వాళ్లను బయటికి తేలేకపోయినారు. మా వాడు ఈ కథ చెప్తుంటే మేము అనుకున్నాము, అంత డీజిల్ ఇంజన్లు లాగలేకపోయినాయంటే లోపం బలంలో కాదు కదా అని. అనుకున్నామే గాని దాన్ని మేము కూర్చున్న బండికి కలిపి చూడలేదు.

కొండ సగం ఎక్కినాక బండ్లన్నీ ఆగినాయి. ముందర బోర్డు మీద ఆర్-2 అని వెలుగుతోంది. అక్కడి పద్ధతి మీకు చెప్తాము, మీ పిల్లలు ఆ వైపు పోతే తెలిసి ఉండాలి.

మంచు పడినప్పుడు కాలిఫోర్నియాలో మూడు మెట్లు పెడతారు. ఆర్-1 అంటే మంచు తక్కువ. లాగే చక్రాలకు మంచు గాడుల టైర్లు ఉండే మామూలు కార్లను చైన్లు లేకుండా పోనిస్తారు. ఆర్-2 అంటే అన్ని బండ్లకూ చైన్లు వేయాలి. ఒక్క ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకే మినహాయింపు. దానికి కూడా నాలుగు చక్రాలకూ మంచు టైర్లు ఉండాలి, చైన్లు బండిలో పెట్టుకుని ఉండాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, అందరూ చైన్లు వేయాల్సిందే. మామూలుగా అంతవరకూ రాకముందే రోడ్డు మూసేస్తారు. చైన్లు వేసే చోట వేగం గంటకు 25 లేదా 30 మైళ్లకు మించకూడదు.

మినహాయింపు అనే మాటను మా వాడు విన్నాడు. దాని వెనక ఉండే రెండు షరతులను వినలేదు.

చీకటి పడుతోంది. చెకింగ్ మనిషి టార్చి వేసి చూసినాడు. "ఫోర్ వీలా? చైన్లు ఉండాయా?" ఉండాయన్నాడు మా వాడు. పొమ్మని చెయ్యి ఊపినాడు. వెనక వందల బండ్లు ఉండాయి, అందరి డిక్కీలూ తెరిచి చూడడం ఎవరి తరం? మా పక్కన చిన్న కార్లవాళ్లు మంచులో మోకాళ్లమీద కూర్చుని చైన్లు వేసుకుంటుండారు. మేము హీటర్ వేసుకుని వాళ్లను దాటిపోయినాము. కొంచెం గర్వంగా కూడా ఉండింది. దాచిపెట్టేదేముంది.

బండి కూడా బాగా ఎక్కింది. ఒక్కచోట కూడా చక్రం తిరగలేదు. రాత్రి ఎనిమిదికి ట్రకీ ఊరు దాటి, కొండవాలులో ఉండే అద్దె ఇంటికి చేరినాము. రాత్రంతా మంచు పడింది.

పొద్దున తొమ్మిదికి పిల్లను ఆడించడానికి బయలుదేరినాము. ఇంటి ముందు వీధి వాలుగా దిగుతుంది. కింద పెద్ద రోడ్డు, దానికి ముందు ఎర్ర స్టాపు బోర్డు. వాలు మరీ ఎక్కువ కాదు, మన మేట్టుపాళ్యం ఘాటు రోడ్డు వంటిది కాదు. వేగం కూడా పది, పన్నెండు మైళ్లు ఉంటుంది. మా వాడు బ్రేకు తొక్కినాడు. కాలికింద కడకడమని చప్పుడు వచ్చింది. బండి ఆగలేదు. అదే వేగంలో, తొందర లేకుండా, కిందికి జారుతోంది. వెనక సీటులో పిల్ల పాట పాడుతోంది, దానికేమీ తెలియదు. అప్పుడు కింద పెద్ద రోడ్డులో ఎడమ వైపు నుంచి మంచు తోసే లారీ వస్తోంది. ముందర అంత వెడల్పు ఇనప పలక.

కోడలు గట్టిగా అరిచింది. మా వాడు స్టీరింగు కుడివైపుకు తిప్పి, రోడ్డు పక్కన గుట్టగా తోసి ఉండే మంచులోకి బండిని ఎక్కించినాడు. దబ్ మని ఆగింది. లారీ మా ముందర పోయింది. మధ్యలో పది అడుగులు కూడా లేదు. పిల్ల పాట ఆపి, "తాతా, మళ్లీ చేద్దామా?" అని అడిగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. బండి బంపరు మాత్రం పగిలింది. కాని అక్కడ కూర్చుని మేము ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది ఇప్పటికీ చెయ్యి మరచిపోలేదు.

మా వాడు దిగి, "ఇప్పుడు చైన్లు వేద్దాము" అని డిక్కీ తెరిచినాడు. ఎర్ర పెట్టె తీసి, చైనును మంచు మీద పరిచి, ముందు చక్రం మీద వేసి చూసినాడు. కొసలు కలవలేదు. లాగి చూసినాడు. కలవలేదు. దాదాపు అడుగు తక్కువ.

అప్పుడు మేము కళ్లద్దాలు పెట్టుకుని పెట్టె మీద కాగితం చదివినాము. 205/55 ఆర్ 16 అని ఉండింది. వంగి టైరు పక్కగోడ చదివినాము. 235/60 ఆర్ 18. ఆ చైన్లు అమ్మేసిన చిన్న కారువి. కారు పోయింది, పెట్టె మాత్రం ఈ డిక్కీలోకి వచ్చింది. మూట కూడా విప్పలేదు.

ఆ అంకెల అర్థం చాలా సులభం. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 పాళ్లు, అంటే 141 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 18 అంటే లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఈ లెక్కన కొత్త బండి టైరు వ్యాసం సుమారు 739 మిల్లీమీటర్లు, పాతది 632. చుట్టుకొలతలో తేడా 336 మిల్లీమీటర్లు, పదమూడు అంగుళాలు. మా వాడు ఇంజనీరు. మేము ఎస్.ఎస్.ఎల్.సీ. తర్వాత పరీక్ష రాసి రైల్వేలో చేరిన గుమాస్తా. ఈ లెక్కకు ఇద్దరి చదువూ అక్కరలేదు, చదివే కళ్లు చాలు.

రాత్రి చెకింగులో "చైన్లు ఉండాయా" అని అడిగితే "ఉండాయి" అన్నది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. స్టోర్స్‌లో మేము దీనికి ఒక మాట వాడేవాళ్లము: పుస్తకంలో సరుకు ఉంది, అరలో లేదు.

పక్కింటి పెద్దాయన ఒకరు, మాకంటే పదేళ్లు పెద్ద ఉండొచ్చు, పార తీసుకుని వచ్చినాడు. ఇంకో చేతిలో బకెట్టు. బకెట్టులో ఏముందని చూస్తే ఇసుక! మాకు కళ్లు చెమర్చినాయి. మన ఇంజన్లలో ఇసుక పెట్టె ఉంటుందని మీలో రైల్వేవాళ్లకు తెలుసు. ఇనప చక్రం, ఇనప పట్టా. వానలో, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం జారితే లోకో పైలట్ ఇసుక వదులుతాడు. పొడి ఇసుక పైపు గుండా చక్రానికి ముందర పట్టా మీద పడుతుంది. చక్రానికి పట్టు దొరుకుతుంది. షెడ్డులో ఆ ఇసుకను తేమ లేకుండా ఆరబెట్టి ఉంచేవాళ్లు. వేల గుర్రాల బలం ఉండే ఇంజనుకు గుప్పెడు ఇసుక కావాలి. 34 ఏళ్లు ఆ షెడ్డులో ఉండి, ఆ రోజు ఆ ముసలాయన బకెట్టు చూసేవరకు అది మాకు గుర్తు రాలేదు.

ఆయన మంచు తవ్వి, చక్రాల కింద ఇసుక చల్లినాడు. బండి బయటికి వచ్చింది. ఆయన బండి పాత చిన్న కారు. ముందు చక్రాలు మాత్రమే లాగే రకం. దానితోనే ఆ వీధి రోజూ ఎక్కి దిగుతాడంట. ఆయన తన టైరు మీద గుర్తు ఒకటి చూపించినాడు: మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు. మా వాడి టైరు మీద ఆ గుర్తు లేదు. ఎం ప్లస్ ఎస్ అని అక్షరాలు మాత్రం ఉండాయి. "నీ బండి బాగా కదులుతుంది, నాది బాగా ఆగుతుంది" అని నవ్వినాడు.

అక్కా, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఒక్క మాటలో ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోవడం. కదలడానికి, ఎక్కడానికి అది చాలా మేలు. కాని బ్రేకు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటుంది. ఆపేటప్పుడు, వంపు తిరిగేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ అదనంగా ఏమీ చేయలేదు. ఆ పని చేసేది రోడ్డును తాకే రబ్బరు మాత్రమే. పైగా బాగా ఎక్కుతుంది కాబట్టి మనకు లేని ధైర్యం ఇస్తుంది. ఎక్కేటప్పుడు ఇచ్చిన ధైర్యమే దిగేటప్పుడు మోసం చేస్తుంది.

ఆ మధ్యాహ్నం మేము ఎక్కడికీ పోలేదు. పిల్ల ఇంటి ముందరే స్నోమ్యాన్ చేసింది. మా వాడు ఫోనులో, బండి పుస్తకంలో చదివి చెప్పినాడు. మేము నోటు పుస్తకంలో రాసుకున్నాము. అందులోనుంచి ముఖ్యమైనవి చెప్తాము.

మొదట టైర్లు. ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు అని అర్థం. అది టైరు గాడుల ఆకారాన్ని బట్టి వేసే గుర్తు, మంచులో పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు. కొండ, మంచు రేకు గుర్తు మాత్రం మంచులో పట్టు పరీక్ష పాసైన టైర్లకే వేస్తారు. 1999 నుంచి ఉంది ఆ గుర్తు. అందులోనూ అసలు చలికాలపు టైరు రబ్బరే వేరు. మన ఊర్లో మార్గశిర మాసంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది కదా, అట్లాగే మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుంటుంది. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఈ తేడా బాగా తెలుస్తుందంటారు. చలికాలపు టైరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు వందలు ఉంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. వేస్తే నాలుగూ వేయాలి. రెండే వేస్తే ముందు ఒక దారి, వెనక ఒక దారి అవుతుంది.

తర్వాత గాడుల లోతు. మంచు టైరు అని ఒప్పుకోవాలంటే కాలిఫోర్నియాలో అంగుళంలో 32 పాళ్లకు 6 పాళ్లు లోతు ఉండాలి, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. మేము స్కేలు పెట్టి కొలిచినాము. మా వాడి టైర్లకు 4 కూడా లేదు. గుండు టైరు కాదు, చూడడానికి బాగానే ఉంది, వానకు చాలు. మంచుకు చాలదు. అంటే ముందు రాత్రి మేము గర్వంగా దాటిన మినహాయింపుకు మాకు అర్హతే లేదు. రెండు షరతుల్లో రెండూ తప్పు.

గాలి కూడా చూడాలి. చలి పెరిగితే టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు సుమారు 1 పీ.ఎస్.ఐ. ఫ్రీమాంట్‌లో సరిగ్గా పట్టిన గాలి కొండమీది చలికి తగ్గుతుంది.

ఇక చైన్లు. టైరు మీద ఉండే మూడు అంకెలూ పెట్టె మీద ఉండే అంకెలతో కలవాలి. దగ్గరగా ఉంటే చాలదు, కలవాలి. కొన్ని బండ్లకు టైరుకూ లోపలి భాగాలకూ మధ్య సందు తక్కువ, లావు చైను వేస్తే బ్రేకు గొట్టాలకు తగిలి తెగుతాయి. అటువంటివాటికి క్లాస్ ఎస్ అనే సన్న రకం, లేకపోతే స్టీలు కేబుల్ రకం వేయాలి. కొన్ని బండ్లకు అసలు వేయనే కూడదని పుస్తకంలో ఉంటుంది. ఏ చక్రాలకు వేయాలో కూడా బండి పుస్తకమే చెప్పాలి. ముందు చక్రాలు లాగే కారుకు ముందు, వెనక చక్రాలు లాగేదానికి వెనక. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక్కో బండికి ఒక్కో మాట. మా వాడి పుస్తకంలో ముందు చక్రాలకే అని రాసి ఉండింది. ముందర మాత్రమే వేస్తే దిగేటప్పుడు వెనక భాగం పక్కకు జారగలదు, కాబట్టి ఇంకా నిదానంగా పోవాలి. అద్దె బండి అయితే చైన్లు వేయనిస్తారా లేదా అని ముందే ఒప్పందం చదవాలి.

మరుసటి రోజు పొద్దున అదే ఇసుక ఆయన మా వాడిని తన కారులో ట్రకీకి తీసుకుపోయినాడు. ఈసారి మేము టైరు నంబరు తెల్ల కాగితం మీద రాసి ఇచ్చినాము. ఇండెంటు ఇచ్చినట్టే. సామాను రాగానే పెట్టె నంబరు, కాగితం నంబరు, టైరు నంబరు, మూడూ కలిపి చూసి, "సరి" అన్నాము. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం బిగుసుకుంది.

వేయడం ఇద్దరమూ ఇంటి ముందరే నేర్చుకున్నాము. చైనును మెలికలు లేకుండా పరచాలి. కొక్కేల మొన బయటివైపు ఉండాలి, టైరుకు గుచ్చుకోకూడదు. టైరు మీద కప్పి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది. బండిని కొంచెం ముందుకు జరిపి మిగతాది లాగి బిగించాలి. కొద్ది దూరం పోయి ఆగి మళ్లీ బిగించాలి. మొదటిసారి ముక్కాలు గంట పట్టింది. మూడోసారి పది నిమిషాలు. కింద పరచడానికి పాత గోనె, చేతులకు రబ్బరు గ్లౌజులు, తలకు కట్టుకునే లైటు ఉంటే చాలా సుఖం. రోడ్డు మీద కూలికి వేసేవాళ్లు ఉంటారు, బ్యాడ్జీ నంబరు చూసి వేయించుకోవాలి. వాళ్లు చైన్లు అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. అంటే మన పెట్టె మనదే. మంచు లేని రోడ్డు రాగానే తీసేయాలి, లేకపోతే చైనూ పోతుంది టైరూ పోతుంది.

మన కోవైవాళ్లకు ఇది అర్థం కావడానికి మేట్టుపాళ్యం ఊటీ రైలు చాలు. కల్లారు నుంచి కూనూరు వరకూ పట్టాల నడుమ పళ్ల పట్టా ఉంటుంది. ఇంజను కింద ఉండే పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. 12 అడుగులకు 1 అడుగు ఎత్తు. ఎక్కడానికి మాత్రమే కాదు, దిగేటప్పుడు పట్టి ఆపడానికీ ఆ పళ్లే. మంచులో చైను చేసేదీ అదే పని. 1899 నుంచి కూనూరుకు రైలు నడుస్తోంది. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు ఎక్కినామో లెక్కలేదు.

ఇక మా తప్పు. ఆ రాత్రి పిల్ల పడుకున్నాక మాలో ఒకరు ఇంకొకరిని అడిగినారు: "34 ఏళ్లు నంబరు చూడకుండా ఒక నట్టు కూడా బయటికి పంపలేదే, ఆ పెట్టె ఎందుకు చూడలేదు?"

జవాబు మాకు తెలుసు. కొడుకు ఇంట్లో మేము చిన్నబోయి ఉంటాము. వాడి దేశం, వాడి బండి, వాడి ఇంగ్లీషు. మేము ఏదైనా అడిగితే "మీకు తెలియదులే నాయనా" అంటాడేమో అని భయం. అన్నాడా అంటే, ఎప్పుడూ అనలేదు. అంటాడేమో అని మేమే అనుకుని నోరు మూసుకున్నాము. పెద్దరికం వదులుకోవడం మర్యాద అనుకున్నాము. మాకు తెలిసిన ఒకే ఒక పనిని, మా మనవరాలు కూర్చునే బండి దగ్గర చేయలేదు.

ఇది మా వాడికి చెప్పినాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనే చూడాల్సింది నాయనా. మీరు అడిగినప్పుడు డిక్కీ తెరిచి ఉండింది కదా" అన్నాడు. ఇద్దరమూ ఒకరి తప్పు ఒకరు తీసుకోవాలని చూసినాము. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. ఈసారికి చేతులు కాలలేదు, అదే దేవుడి దయ.

తిరిగివచ్చేటప్పుడు కూడా బోర్డు మీద ఆర్-2 వెలుగుతోంది. ఫోర్ వీల్ అని చెప్పి జారుకోవాలని మా వాడు చూడలేదు. పక్కకు తీసి, మోకాళ్లమీద కూర్చుని చైన్లు వేసినాడు. మేము లైటు పట్టుకున్నాము. దాటిపోయే పెద్ద బండ్లలోంచి కొందరు మమ్మల్ని చూసి నవ్వినారు. రెండు రోజుల ముందు మేము నవ్వినట్టే. చిన్న గేరులో, గంటకు 25 మైళ్లలో, ముందు బండికి చాలా దూరం వదిలి దిగినాము. చైన్ల చప్పుడు గూడ్సు బండి మాదిరి ఉండింది. మాకు ఆ చప్పుడు చాలా నిద్ర తెప్పించింది. ఇంటికి చేరిన వారంలో మా వాడు కొండ, మంచు రేకు గుర్తు ఉండే టైర్లు నాలుగూ వేయించినాడు. ఫోటో పంపకముందే మేము అడిగినాము, నంబరు చదివి చెప్పు అని. చదివినాడు.

మన పిల్లలు డెన్వర్‌లో, చికాగోలో, టొరంటోలో ఎక్కడున్నా, డిసెంబరు వచ్చేలోపల ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి. టైరు మీద కొండ, మంచు రేకు గుర్తు ఉందా? గాడి లోతు కొలిచినావా? మంచు కొండ ఎక్కేవాళ్లయితే, చైను పెట్టె మీది నంబరు, టైరు మీది నంబరు రెండూ ఇప్పుడు చదివి వినిపిస్తావా? "ఉండాయి" అంటే ఒప్పుకోకండి. ఫోను పట్టుకుని డిక్కీ దాకా నడవమనండి. విసుక్కుంటారు. విసుక్కోనీయండి.

అక్కా, మీ అల్లుడి నంబరు మాకు అవసరం లేదు. నువ్వే అడుగు. ఇంగ్లీషు రాదని, బండి నడపడం రాదని ఆగవద్దు. అంకెలు ఏ మీడియంలో చదివినా ఒకటే.

తప్పులుంటే మన్నించండి. వచ్చే నెల మళ్లీ రైలు కథతో వస్తాము.

ఇట్లు, మేమిద్దరము.